దీపావళి పడని ఏడాది

9 ఆగస్టు 2025, శనివారం
సూరత్

జంధ్యాల పౌర్ణమి. పొద్దున మామ, మా ఆయన, మరిది కొత్త జంధ్యాలు వేసుకున్నారు. మధ్యాహ్నం ఆడబిడ్డ వచ్చి రాఖీలు కట్టింది. తిన్నాక మరిది ఒక నీలం ఫైలు తెచ్చి నా ముందు పెట్టాడు.

"వదినా, షెడ్డు లోను కోసం బ్యాంకోళ్లు నేను ఎక్కడెక్కడ కడుతున్ననో అన్నీ అడుగుతున్నరు. గీ హాలిడే క్లబ్బు నా పేరు మీదికెళ్లి తీసెయ్యాలె. మీరే పెట్టుకోండ్రి. నాకు పైసలేం వద్దు, సాలుకింత కట్టేది మీరు కట్టుకుంటే చాలు."

యారాలు మాట్లాడలేదు. ఆ క్లబ్బు తీసుకోవాలని పట్టుబట్టింది తనే కాబట్టి.

దీంతో ఇంట్లో ఇలాంటి కాగితాలు మూడయ్యాయి. మొదటిది మామది. 2006 ఏప్రిల్‌లో ఏదో లక్కీ డ్రా కూపన్ పట్టుకుని పోయి సంతకం పెట్టి వచ్చాడట. 25 ఏళ్లు, 2031 మార్చి 31తో సరి. ఏడాదికి ఏడు రాత్రులు, ఒక పడకగది. పండగలకూ ఎండాకాలం సెలవులకూ చెల్లదు. రెండోది మాది. 2019 అక్టోబర్ 1 నుంచి పదేళ్లు. ఇందులో రాత్రుల లెక్క లేదు, పాయింట్లే. అక్టోబర్ 1న ఖాతాలో పడతాయి, వచ్చే సెప్టెంబర్ 30న పోతాయి. గడువులోపల అడిగితే ఒక్క ఏడాది ముందుకు జరుపుతారు. మూడోది మరిదిది. మాదీ వాళ్లదీ ఒకే క్లబ్బు, కానీ వాళ్లది 2022 జూన్ 1న మొదలైంది. ఆ పాయింట్లకు మే 31న ఆయుష్షు తీరుతుంది.

నిరుడు దీపావళికి ఉదయపూర్ పోదామని రెండు కుటుంబాల పాయింట్లూ కలిపి చూశాం. రెండు పడకగదుల ఇంటికి మావి నాలుగు రాత్రులకు, వాళ్లవి మూడు రాత్రులకు సరిపోయాయి. ఖాతాలు వేరు కాబట్టి బుకింగులూ వేరే అన్నారు. ఐదో రోజు పొద్దున పెట్టెలు సర్దుకుని వేరే గదికి మారాలట. అత్తమ్మ మోకాళ్లు తలచుకుని మానేశాం.

17 ఆగస్టు, ఆదివారం

టాంపా నుంచి తమ్ముడి ఫోను. వాడి గొడవా ఇదేనని తెలిసి నవ్వొచ్చింది. ఫ్లోరిడాలో ఉంటూ డిస్నీ వెకేషన్ క్లబ్ తీసుకోనివాడు లేడన్నట్టు మాట్లాడతాడు. వాడి దగ్గర సరటోగా స్ప్రింగ్స్ పాయింట్లున్నాయి, 2017లో నేరుగా కంపెనీ దగ్గరే కొన్నాడు, 2054 దాకా నడుస్తాయి. ఇప్పుడు ఎవరో అమ్ముకుంటున్న పాత కాంట్రాక్టు ఇంకొకటి బేరం ఆడుతున్నాడు. అది 2042 జనవరితో ముగుస్తుంది, అందుకే చవక.

"అక్కా, నీకు లెక్కలు తెలుసు గదా, తీసుకోమంటవా?"

వాడు పంపిన కాగితాలు సాయంత్రం దాకా చదివాను. 1991 నుంచి నడుస్తున్న వ్యవహారం, నియమాలు మాత్రం నున్నగా తీర్చినట్టున్నాయి. ప్రతి కాంట్రాక్టుకూ ఒక 'యూజ్ ఇయర్' ఉంటుంది: అంటే ఏ నెలలో కొత్త పాయింట్లు పడతాయన్నది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, జూన్, ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్, డిసెంబర్: ఈ ఎనిమిదిట్లో ఏదో ఒకటి. ఏడాది మొదలైన ఎనిమిది నెలల లోపే మిగిలినవి వచ్చే ఏడాదికి దాచుకోవాలి, ఆ తర్వాత అడిగినా కుదరదు. కావాలంటే వచ్చే ఏడాదివి ముందే వాడుకోవచ్చు. సొంత రిసార్టులో గది పదకొండు నెలల ముందు, వేరేచోట ఏడు నెలల ముందు.

రెండు కాంట్రాక్టుల నెలా ఒకటే అయి, యజమానుల పేర్లూ అక్షరం తేడా లేకుండా ఒకటే అయితే రెండూ ఒక సభ్యత్వం కింద చేరతాయి. ఏడు నెలల గడువు తెరుచుకున్నాక రెండిట్లోవీ కలిపి ఒకే గదికి వాడుకోవచ్చు. నెల వేరైతే సభ్యత్వ సంఖ్యే వేరు. అప్పుడు ఒక ఖాతాలోంచి ఇంకోదాంట్లోకి మార్పించుకోవాలి, అదీ ఏడాదికి ఒకసారి మాత్రమే. ఇంకో మెలిక: 2019 జనవరి 19 తర్వాత పాతవాళ్ల దగ్గర కొన్న పాయింట్లు రివేరా లాంటి కొత్త రిసార్టుల్లో చెల్లవు.

వాడి మొదటిది ఫిబ్రవరి. బేరం ఆడుతున్నది డిసెంబర్. "ఫిబ్రవరిది దొరికే దాకా ఆగు" అన్నాను. "పేర్లు కూడ చూసుకో. మొదటి కాగితంల ఇంటిపేరు ముందు రాసినవా, వెనకా? నీ పెండ్లాం పేరుకు నీ ఇంటిపేరున్నదా, వాళ్ల నాయినదున్నదా?" ఫోనులో కాసేపు చప్పుడు లేదు. పెళ్లికి ముందు తీసిన పాస్‌పోర్టు చూసి రాశారట.

వాడికున్న వెసులుబాటు మాకు లేదు. వాడి కాగితం అక్కడి కౌంటీలో రిజిస్టరైన దస్తావేజు, అమ్ముకోవచ్చు. మనదేశంలో ఈ సభ్యత్వాలు మామూలుగా వాడుకునే హక్కు మాత్రమే, ఇటుక మీద హక్కు లేదు. 1986లో స్టెర్లింగ్, 1996లో మహీంద్రా వాళ్లు మొదలుపెట్టినప్పటి నుంచీ ఇదే పద్ధతి. బంగారమైతే అంగట్లో రేటు చూసి అమ్మేయొచ్చు. దీనికి అంగడే లేదు. చుట్టాల్లో ఎవరికో ఒకరికి అంటగట్టాల్సిందే, మరిది చేసినట్టు.

4 సెప్టెంబర్, గురువారం

ఆఫీసులో పండగలా ఉంది. నిన్న రాత్రి జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయాలు వచ్చాయి. సింథటిక్ ఫైబర్ మీద 18 నుంచి 5కి, నూలు మీద 12 నుంచి 5కి. సూరత్‌లో ఇన్నేళ్లూ మేం 12 కట్టి నూలు కొని, 5కి బట్ట అమ్మి, మధ్యలో ఇరుక్కున్న సొమ్ము కోసం రిఫండు కాగితాలు నింపుతూ వచ్చాం. సేఠ్ అందరికీ లోచో ఫలహారం తెప్పించాడు.

జాబితాలో ఇంకో వరుస నా కంటబడింది. రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న హోటల్ గది మీద పన్ను 12 నుంచి 5 శాతానికి. 22వ తేదీ నుంచి అమలు. క్లబ్బు వార్షిక రుసుం మీద మాత్రం 18 శాతం అలాగే ఉంది.

లంచ్‌లో లెక్క వేశాను. మాది 21,000, పన్నుతో 24,780. మరిదిది 17,500, పన్నుతో 20,650. మామది 19,000, పన్నుతో 22,420. మొత్తం 67,850. మొదట పోసిన అసలు సంగతి వదిలేస్తే, ఇది ఒక్క ఏడాది ఖర్చు. మామూలు రోజుల్లో ఆరు వేల గది పన్నుతో 6,300. అంటే ఈ రుసుములతోనే దాదాపు పదకొండు రాత్రులు ఏ క్లబ్బూ లేకుండా ఉండొచ్చు, నచ్చిన ఊళ్లో, నచ్చిన రోజున.

దీపావళి వారం మాట వేరు. ఉదయపూర్‌లో అదే స్థాయి గది పన్నెండు వేలు అడుగుతారు. 7,500 దాటింది కాబట్టి 18 శాతం, మొత్తం 14,160. సూరత్ మొత్తం అప్పుడే కదులుతుంది: బట్టల మార్కెట్లు దీపావళికి మూస్తే లాభ్ పంచమి దాకా తెరవవు, మగ్గాల షెడ్లయితే గంజాం నుంచి వచ్చిన ఒడియా కార్మికులు ఊళ్లకు పోయి తిరిగొచ్చేదాకా అంతే. మాకు సెలవన్నదే ఆ రోజుల్లో. ఎండాకాలం మొత్తం సిరిసిల్ల పెళ్లిళ్లకు పోతుంది.

కాబట్టి ఈ పాయింట్లకు విలువ ఉంటే గింటే దీపావళి వారంలోనే. మిగతా రోజుల్లో వాడితే చేతి డబ్బు పోసి తక్కువ ధర గది కొన్నట్టు.

14 సెప్టెంబర్, ఆదివారం

డుమస్ రోడ్డులో ఒక హోటలుకు పిలిచారు. "పాత సభ్యులకు ప్రత్యేకం" అట. కాఫీ, బిస్కట్లు, పిల్లలకు బెలూన్లు. కుర్రాడు చక్కటి గుజరాతీలో మొదలుపెట్టి, మేం తెలుగువాళ్లమని తెలిశాక హిందీకి మారాడు. అదెందుకో నాకర్థం కాలేదు. మా ఆయన పుట్టిందే లింబాయత్‌లో.

మా ఆయనతో వాడి ప్రతిపాదన: మీదీ మీ తమ్ముడిదీ రద్దు చేసి, ఒకే కొత్త కాంట్రాక్టు. నవంబర్ 1 నుంచి పదిహేనేళ్లు. అదనంగా 3,40,000, వాయిదాల్లో. "ఏక్ ఖాతా, ఏక్ తారీఖ్, కోయీ ఝంఝట్ నహీ."

మా ఆయనకు ఆ ముక్క నచ్చింది. "రెండు బీములు వేర్వేరు పొడుగున్నా మగ్గం నడుస్తదిగని, ఒకటి అయిపోయినంక రెండోదాంట్ల మిగిలిందంతా వ్యర్థమే గదా. కలిపేస్తే మంచిదే" అన్నాడు.

నేను పన్నుల మాట ఎత్తేసరికి కుర్రాడు ఇంకో అస్త్రం తీశాడు. "మీరు వాడుకోకపోయినా నష్టం లేదు మేడమ్, పెట్టుబడి అనుకోండి. విలువ పెరుగుతూ పోతుంది." కాగితం మీద ఎక్కడుందో చూపించమన్నాను. లేదు.

ఈ మాటకు ఒక చరిత్ర ఉంది. గది రాత్రులు అమ్ముతున్నామంటూ, వాడుకోనివాళ్లకు గడువు తీరాక సొమ్ము పెంచి ఇస్తామని ముంబైకి చెందిన పాన్‌కార్డ్ క్లబ్స్ దేశమంతా వసూలు చేసింది. అది హాలిడే పథకం కాదు, అనుమతి లేని సామూహిక పెట్టుబడి పథకమని సెబీ తేల్చి, 2016 ఫిబ్రవరి 29న వాపసు ఇమ్మని ఆదేశించింది. 51 లక్షల పైచిలుకు మందికి 7,035 కోట్లు. అందుకే విహారం అమ్మేవాడి నోట పెట్టుబడి అన్న మాట వినబడితే నేను లేచి నిలబడతాను. ఇవాళా లేచాను. బెలూను తీసుకుని చిన్నోడు నా వెనకాలే వచ్చాడు.

15 సెప్టెంబర్, సోమవారం

నవంబర్ 1 అన్న తారీఖు రాత్రంతా మెదిలింది. పొద్దున పంచాంగాలు, ఫోనూ ముందేసుకుని దీపావళి తేదీలు ఒక వరుసలో రాశాను.

2025 అక్టోబర్ 20. 2026 నవంబర్ 8. 2027 అక్టోబర్ 29. 2028 అక్టోబర్ 17. 2029 నవంబర్ 5. 2030 అక్టోబర్ 26.

వచ్చే ఏడాది అధిక జ్యేష్ఠం, అందుకే పండగ నవంబర్‌లోకి జారింది. క్లబ్బు ఇంగ్లిషు నెలలతో నడుస్తుంది, పండగ చంద్రుడితో. ఏడాది నవంబర్ 1న మొదలై అక్టోబర్ 31న ముగిస్తే ఏమవుతుంది? 2025 నవంబర్ నుంచి 2026 అక్టోబర్ దాకా ఉన్న ఏడాదిలో దీపావళే లేదు. దాని తర్వాతి ఏడాదిలో రెండు. ఆ తర్వాత ఒకటి. 2028-29లో మళ్లీ సున్నా, 2029-30లో మళ్లీ రెండు. దీపావళి లేని ఏడాది పాయింట్లు ముందుకు జరుపుకుంటూ, రెండున్న ఏడాది చాలక కొనుక్కుంటూ కూర్చోవాలి. పదిహేనేళ్లూ ఇదే తంతు.

అక్టోబర్ 1 అయితే ప్రతి ఏడాదిలో కచ్చితంగా ఒకే దీపావళి. జూన్ 1 అయినా అంతే. మిగిలిన ప్రశ్న ఈ రెండిట్లో ఏది అన్నదే.

నాకు అక్టోబరే నచ్చింది. మాలాంటి ఇళ్లలో ప్రయాణం చివరి వారంలో ఆగిపోవడం మామూలే: ఒక పార్టీ చెక్కు వెనక్కొస్తే చాలు. పాయింట్లు అక్టోబర్‌లో పడి దీపావళి ప్రయాణం రద్దయితే వచ్చే సెప్టెంబర్ దాకా పదకొండు నెలల వ్యవధి ఉంటుంది, పెళ్లిళ్లు పోగా జూన్ నుంచి శ్రావణం దాకా చేతిలో ఉంటుంది. జూన్‌లో పడితే మిగిలేది మే దాకానే. అందులో మార్చి పరీక్షలవి, మే సిరిసిల్ల పెళ్లిళ్లది.

ఇది తమ్ముడికి చెబితే, డిస్నీ వాళ్లలోనూ అనుభవమున్నవాళ్లు ఇదే చెబుతారన్నాడు: తరచుగా వెళ్లే నెలకు కాస్త ముందు ఏడాది మొదలయ్యేలా చూసుకోమని. మరి డిసెంబర్‌ది ఎందుకు బేరమాడావురా అంటే, చవక అన్నాడు.

21 సెప్టెంబర్, ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు ఇక్కడ దొరకదు, బంతి, గునుగుతో సరిపెట్టాం. రాత్రి ఆటలయ్యాక మామను అడిగాను, ఆయన కాగితం ఏం చేద్దామని.

"వేములవాడల మీ క్లబ్బుకు రూములున్నయా?" అన్నాడు.

లేవన్నాను.

"మరెందుకే అది?"

ఆయన 1970లలో సిరిసిల్ల నుంచి వచ్చి, నవజీవన్ ఎక్కి వరంగల్‌లో దిగడమే ప్రయాణం అనుకున్న మనిషి. అత్తమ్మ మాత్రం ఒకసారి కొడైకెనాల్ చూసిందట, ఇంకోసారి చూడాలనుంది. మామ వారం ఆమె కోసం జనవరిలో వాడదాం. దాన్ని మిగతా రెండిటితో కలిపే ప్రయత్నం చేయొద్దని నా తీర్పు. పాయింట్లుగా మార్చుకోమని క్లబ్బు అడుగుతుంది, మార్చితే పాత రుసుం పోయి కొత్త రుసుం వస్తుంది. 2031 మార్చిలో దానంతట అది పోతుంది, పోనీ.

7 అక్టోబర్, మంగళవారం

చాందనీ పడ్వో. ఊరంతా ఘారీ మిఠాయి తింటోంది. మా ఇంట్లో నోటరీ కాగితాలు.

మరిది కాగితం మా పేరు మీదికి రావాలంటే పేర్లు కుదరాలి. మరిది ఆధార్‌లో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ఈ రాష్ట్రపు వరసలో. కాంట్రాక్టులో ఇంటిపేరు ముందు, దాని వెనక ఒట్టి అక్షరం. మా ఆయన కాంట్రాక్టులో ఎవరో మర్యాదకు పేరు చివర 'భాయ్' తగిలించారు. అదిప్పుడు అధికారికంగా ఆయన పేరు. మొత్తానికి ఇద్దరికీ రెండు అఫిడవిట్లు.

12 అక్టోబర్, ఆదివారం

అందరం కూర్చున్నాం. క్లబ్బు నియమాల పుస్తకంలో, చివరి పేజీల్లో, ఆ కుర్రాడు చెప్పని ఒక వాక్యం దొరికింది: ఒకే సభ్యుడి పేరున రెండు కాంట్రాక్టులుంటే, తర్వాతి దాని ఏడాదిని మొదటి దాని తారీఖుకు ఒక్కసారి జరపవచ్చు. మధ్యలో మిగిలే నెలలకు పొట్టి ఏడాది. ఆ వంతుకే రుసుం, ఆ వంతుకే పాయింట్లు. అంటే 3,40,000 లేకుండానే పని అవుతుంది.

ఖర్చు: పేరు మార్పుకు 15,000, పన్నుతో 17,700. 2026 జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నాలుగు నెలల పొట్టి ఏడాదికి 6,883. కలిపి 24,583.

ఇది ఎన్ని దీపావళులకు? మాది 2029 సెప్టెంబర్ 30న ముగుస్తుంది. కాబట్టి రెండూ కలిసి నడిచేవి 2026, 2027, 2028, మూడే. 2027లో అమ్మాయి పన్నెండో తరగతి, ట్యూషన్లు మానదు, ఇల్లు కదలదు. ఆ ఏడాదివి ముందుకు జరిపితే 2028 ఒక్కదానికే రెండింతలు. అంటే నిజానికి రెండు ప్రయాణాలు. అన్ని కాగితాలు, రెండు ప్రయాణాల కోసం!

అయినా లెక్క నిలుస్తుంది. దీపావళికి ఆరు రాత్రులు, రెండు గదులు బయట తీసుకుంటే 1,69,920. మా రెండు రుసుములు కలిపి 45,430. మొదట పోసిన అసలు ఎటూ తిరిగిరాదు, దాన్ని ఈ తూకంలో వేయొద్దని మా ఆయనకు నచ్చజెప్పడానికే ఎక్కువసేపు పట్టింది. మనుషులు పోగొట్టుకున్న డబ్బును కాపాడాలని ఇంకొంత పోస్తారు. ఆ కుర్రాడి ఉద్యోగమంతా దాని మీదే నిలబడింది.

మరిదిది 2032 మే 31న ముగుస్తుంది. అక్టోబర్‌కు జరిపితే చివరన 2031 అక్టోబర్ నుంచి మే దాకా ఒక తునక మిగులుతుంది. 2031 దీపావళి నవంబర్ 14, ఆ తునకలోనే పడుతుంది. వృథా పోదు.

యారాలు ఒక్కటే అడిగింది: "అక్కా, ఉదయపూర్‌ల మాకు గూడ ఒక గది ఉంటది గదా?" ఉంటుందని ఫైలు మీదే రాసి పెట్టాను.

26 అక్టోబర్, ఆదివారం

లాభ్ పంచమి. ఈ దీపావళికి ఎక్కడికీ కదలలేదు. సేఠ్ కొత్త చోప్డాకు, అంటే లెక్కల పుస్తకానికి, పూజ చేయించాడు, నేను మొదటి పద్దు రాసి ఇంటికొచ్చి క్లబ్బుకు ఉత్తరం రాశాను. ఈమెయిలుతో పాటు స్పీడ్ పోస్టులో కూడా. నియమం సంఖ్య, తారీఖు జరపమన్న వినతి, అఫిడవిట్ల నకళ్లు.

కాంట్రాక్టులో వివాదాలు వేరే నగరంలోనే తేల్చుకోవాలని ఉంది. దాన్ని చూసి మా ఆయన జంకాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కొనుగోలుదారు తానున్న ఊళ్లోనే, జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా స్థాయే చాలు. ఉత్తరంలో ఆ సెక్షను రాయలేదు. ఇప్పుడే బెదిరించడం దేనికి?

8 నవంబర్, శనివారం

జవాబు వచ్చింది. ముందు ఆ కుర్రాడి ఫోను, "మేడమ్, అప్‌గ్రేడ్ చేసుకుంటే పేరు మార్పు రుసుం మాఫీ" అని. వద్దన్నాను. గంటకు ఈమెయిల్. పేరు మార్పు ఆమోదించారు, 2026 అక్టోబర్ 1 నుంచి రెండు కాంట్రాక్టులదీ ఒకే ఏడాది, ఒకే ఖాతా. 17,700 కట్టి రసీదు నీలం ఫైలులో పెట్టాను. 2029, 2031, 2032: మూడు ముగింపు తారీఖులూ ఫైలు అట్ట లోపల రాశాను, వీటిలో ఏదీ పొడిగించేది లేదు.